లంకలో టవరు పెట్టనివ్వాలా, వద్దా? మొన్నటి మంట తర్వాత అడుగుతున్నాను

ఏటిలంక:
అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం వైపు, గౌతమి పాయలో ఒక లంక. విషయం ఇంకా పంచాయతీలో నలుగుతోంది కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. సంగతి ఏంటంటే, ఒక కంపెనీ వాళ్లు బడి పక్క పోరంబోకులో సెల్ టవరు వేస్తామని వచ్చారు. ఊళ్లో సగం మంది వద్దని సంతకాలు పెట్టారు. క్యాన్సర్ వస్తుందని, కడుపుతో ఉన్నవాళ్లకి మంచిది కాదని, కొబ్బరి కాపు తగ్గుతుందని, పిచ్చుకలు పోతాయని తలో మాటా అంటున్నారు.

ఈలోగా మొన్న మధ్యాహ్నం ఏటి పడమటి వైపు రెల్లు అంటుకుంది. గాలి మా మీదికే. రెల్లు నుంచి గడ్డిమేటుకి, మేటు నుంచి తాటాకు పాకలకి పాకింది. మా ఊళ్లో ఫోను పలికేది ఒక్క ఏటిగట్టు మీద, రావిచెట్టు దగ్గరే. ఒక కుర్రాడు అక్కడిదాకా పరిగెత్తి 101కి చేసేసరికే మంట చేను దాటేసింది. ఫైరింజను వచ్చిందండి, కానీ అవతలి ఒడ్డుకి. ఏరు దాటించే పంటు మీద అంత బరువు ఎక్కించలేమన్నారు. ఇంజను ఆ ఒడ్డునే ఆగిపోయింది, మేం ఈ ఒడ్డున బిందెలతో పోసుకున్నాం. మనుషులకేం కాలేదు. ఒక ముసలమ్మ ఇల్లూ, గొడ్ల మేతా మొత్తం పోయాయి.

నేను అడిగేది రెండే. టవరు గురించి చెప్పేదాంట్లో నిజమెంత? ఫైరింజను రాలేని మా బోటి ఊళ్లు మంటని ఎలా ఎదుర్కోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, సభలో చదివి వినిపిస్తాను.

కొబ్బరితోట:
మాదీ ఆ లంకేనండి, వద్దని సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మా మేనత్త వాళ్ల ఊళ్లో టవరు వచ్చాక ఆ వీధిలోనే ముగ్గురికి క్యాన్సర్ తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సర్ కారకం కావచ్చంది కదా. కంపెనీకి నెలనెలా డబ్బులొస్తాయి, స్థలం ఇచ్చినవాళ్లకి అద్దె వస్తుంది. రోగం వస్తే ఎవరు చూస్తారు? అందులోనూ బడి పక్కన. పిల్లలు రోజంతా అక్కడే ఉంటారు. ఈ భయాన్ని ఎవరూ చిన్నచూపు చూడొద్దు.

ఫిజిక్స్ మేష్టారు:
కొబ్బరితోట గారూ, మీ భయం చిన్నదని నేను అనను. మీరన్న మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మేలో రేడియో తరంగాలని 2బి వర్గంలో పెట్టింది. ‘కారకం అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం, ఆధారాలు మాత్రం పరిమితం’ అని దాని భావం. కలబంద ఆకు మొత్తంగా తీసిన సారం కూడా అదే 2బిలో ఉంది. పొగాకు ఒకటో వర్గం, అంటే రుజువైపోయినది. మన లంకల్లో పండించి చుట్టలు చుట్టుకు కాల్చే పొగాకు సంగతే చెబుతున్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందన్నది కూడా చూడాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎలుకల మీద చేసి 2018లో ఫలితాలు బయటపెట్టిన పరీక్షల్లో మగ ఎలుకల గుండెలో ఒక రకం కణితులు కనిపించాయి. అయితే ఆ ఎలుకలకి రోజుకి 9 గంటల చొప్పున రెండేళ్లు, ఒళ్లంతా తగిలేలా, మన ఫోన్లకి ఉన్న పరిమితిని మించిన మోతాదులు కూడా ఇచ్చారు. మనుషుల విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరితే 1994 నుంచి 2022 దాకా వచ్చిన 63 పరిశోధనలని కలిపి చూసిన సమీక్ష 2024లో వెలువడింది. ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్లకీ సంబంధం కనబడలేదని తేల్చింది, పదేళ్లకి మించి వాడినవాళ్లలో కూడా. టవర్ల మీద జరిగిన పరిశోధనలు ఫోన్ల కంటే తక్కువ. వాటిలోనూ పిల్లల క్యాన్సర్లతో సంబంధం తేలలేదు.

ఇక బడి సంగతి. టవరు మీద యాంటెన్నా కిందికి కుమ్మరించదు. అంతర్వేది లైట్‌హౌస్ వెలుగు దాని మొదట్లో పడకుండా దూరం మీద ఎలా సాగుతుందో, దీని తరంగాలూ అలాగే దాదాపు అడ్డంగా, కొంచెం వాలుగా పోతాయి. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుంది. కాబట్టి టవరు మొదట్లో ఉన్న గది కంటే, యాంటెన్నాకి ఎదురుగా అదే ఎత్తులో ఉన్న మేడ గురించి అడగడం ముఖ్యం. లంకలో అంత ఎత్తు మేడలు ఉండవనుకుంటాను.

అమలాపురం అక్క:
మేష్టారు చెప్పింది విన్నాను. ఆసుపత్రిలో నర్సుగా చేస్తాను, ఇద్దరు పిల్లల తల్లిని. ఫోను వల్ల పిల్లలకి హాని నా కళ్లతో రోజూ చూస్తున్నాను, అయితే అది తరంగాల వల్ల కాదు. రాత్రి పన్నెండు దాకా దుప్పట్లో ఫోను, పొద్దున బళ్లో నిద్ర. దగ్గరగా పెట్టుకుని చూసి చూసి కళ్లజోళ్లు. మెడనొప్పులు. బండి నడుపుతూ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని కాలవలోకి పోయినవాళ్లు. వీటి మీద ఎవరూ సంతకాలు పెట్టించరు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోను చొక్కా జేబులో పెట్టుకోకూడదు, కనీసం జానెడు దూరం ఉండాలి. ఇది మాత్రం ఖచ్చితంగా పాటించాలి.

టవరు వద్దనేవాళ్లని ఒక్కటే అడుగుతాను. నొప్పులొచ్చిన ఆడమనిషి కోసం 108కి ఎక్కణ్నుంచి చేస్తున్నారండి? ఆ రావిచెట్టు దగ్గర్నుంచేనా?

మన్యం బీటు:
మా సొంతూరు కొత్తపేట దగ్గర. ఉద్యోగం పైన ఏజెన్సీలో, అడవుల శాఖలో. మారేడుమిల్లి దారి ఎక్కినవాళ్లకి ఆ కొండలు తెలుసు. ఏటిలంక గారి పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మా బాధా ఇదే. మంట ఒకచోట, కబురు ఒకచోట, నీళ్లు ఇంకోచోట.

మా దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా కార్చిచ్చు కాలం. ఆకు రాలి నేలంతా గలగలలాడుతూ ఉంటుంది. పిడుగు పడి అంటుకునేవి బహు తక్కువ, దాదాపు అన్నీ మనిషి చేతి నిప్పులే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికాకు కొత్త చిగురు వేస్తుందని పొదలు కాలుస్తారు. పోడు నిప్పు అదుపు తప్పుతుంది. ఘాటు రోడ్డు మీద ఆగిన కారులోంచి పారేసిన సిగరెట్టు పీక కూడా చాలు. ఇప్పపువ్వు ఏరేవాళ్లని తిట్టి లాభం లేదు, అది వాళ్ల కూడు. చెట్టు కింద ఊడ్చుకుని, కుప్పచేసి, నిప్పు పూర్తిగా ఆరిపోయేదాకా ఉండమని చెబుతాం. విన్న గూడేల్లో మంటలు నిజంగానే తగ్గాయి.

కబురు ఎలా వస్తుందంటే, ఉపగ్రహాలు వేడిని పసిగడతాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో మాకు ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఒక రకం సెన్సారు బొమ్మలో ఒక్కో చుక్క అంటే నేల మీద కిలోమీటరు, ఇంకో రకానికి 375 మీటర్లు. ఉపగ్రహం మన నెత్తి మీదికి రోజుకి కొన్నిసార్లే వస్తుంది, మధ్యలో పుట్టిన మంట దానికి కనపడదు. మబ్బు పట్టినా కనపడదు. అన్నిటికీ మించి, ఆ ఎస్సెమ్మెస్ అందుకోవాల్సిన మనిషి సిగ్నల్ లేని లోయలో ఉంటే అదంతా దండగ. మేం వాకీటాకీలు వాడతాం, కొండ అడ్డమైతే అవీ పలకవు. ఫలానా బండ మీదికెక్కితే ఫోను పలుకుతుందని ప్రతి బీటులో, అంటే ఒక్కో గార్డు చూసుకునే అడవి ముక్కలో, ఒక బండ ఉంటుంది.

ఆర్పడం సంగతి అడిగారు. నీళ్లుండవండి. 2016 ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్ తగలబడినప్పుడు వాయుసేన మి-17 హెలికాప్టర్లు భీమ్‌తాల్ చెరువు నుంచి బకెట్లతో నీళ్లు మోసి పోశాయి. అలాంటివి మాకెప్పుడూ రావు. మా చేతిలో ఉండేవి పచ్చి కొమ్మలు, కత్తులు, పారలు, ఈమధ్య ఆకులు ఎగరగొట్టే బ్లోయర్లు. మంట ముందుకి పోయి నిలబడం. కాలిపోయిన నేల వైపు నుంచి, పక్కల నుంచి కొట్టుకుంటూ పోతాం. ఎదర కొంత దూరం నేల గీకి ఆకు లేకుండా చేస్తాం. తిండి దొరక్కపోతే మంట చచ్చిపోతుంది. కొండ మీద మంటకి పైన ఎవరూ ఉండకూడదు. వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపవుతుంది, మనిషి ఎక్కే వేగం సగమైపోతుంది. తమిళనాడు కురంగణిలో 2018 మార్చిలో కొండ ఎక్కినవాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా పోయారు.

పట్టపగలు దాంతో పోట్లాడి గెలవలేం. అర్ధరాత్రి దాటాక గాలి చల్లబడి, తేమ ఎక్కి, మంట నేలకి అణుగుతుంది. తెల్లారేలోపు ఆర్పేయాలి.

రిటైర్డ్ ఫైర్:
అగ్నిమాపక శాఖలో చేసి దిగిపోయినవాణ్ని. కోనసీమ స్టేషన్లలోనే ఎక్కువ చేశాను. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలినప్పుడు 65 రోజులు మండిందని ఈనాటి కుర్రాళ్లకి చెబితే నమ్మరు. దానికి విదేశాల నుంచి నిపుణులొచ్చారు. లంకలో గడ్డిమేటుకి ఎవరూ రారు. మీరే ఆర్పుకోవాలి, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ఏటిలంక బాబూ, మీ ఊళ్లో ప్రతి ఇంట్లో పురుగుమందు కొట్టే తైవాన్ పంపు ఉంటుంది. మందు పోయేదాకా బాగా కడిగి ఎండాకాలం నాలుగు నెలలు నీళ్లు నింపి ఉంచండి. గడ్డి మంట మొదట్లో దానికి ఆగుతుంది. నాజిల్ సన్న తుంపరకి తిప్పి, మంట నాలుక మీద కాకుండా మొదట్లో, గడ్డి మీద కొట్టాలి. ఇద్దరు కొడుతుంటే మూడోవాడు తడి గోనెసంచితో వెనకాల అదుముకుంటూ రావాలి. సంచిని ఎత్తి బాదకండి, నిప్పురవ్వలు ఎగిరి పక్క పాక మీద పడతాయి. నేలకి అదిమి ఈడ్చాలి.

పెద్ద మంటకి ఆయిలింజను. ఏట్లోంచి చేలకి తోడే ఇంజను మీ దగ్గర ఉంటుంది కదా, దానికి సరిపడా పైపు చుట్ట ఒకటి పంచాయతీ తరఫున కొని ఒకేచోట పెట్టండి. పంటు మీద మా ఇంజను ఎక్కదు కానీ, శాఖలో చేత్తో మోసే పోర్టబుల్ పంపులు ఉంటాయి, అవి పడవ మీద వస్తాయి. ‘మా ఊరికి రోడ్డు లేదు, పోర్టబుల్ పంపు తెండి’ అని ఫోనులో మొదటి మాటగానే చెప్పాలి. చెప్పకపోతే మామూలు బండే బయల్దేరుతుంది. ఎండాకాలం రాకముందే స్టేషన్‌కి వెళ్లి ఏ రేవు నుంచి ఏ రేవుకి రావాలో కాగితం మీద గీసిచ్చి రండి.

రెల్లుకీ పాకలకీ మధ్య పదడుగుల మేర శివరాత్రి లోపు చెక్కేయాలి. అడవిలో ఫైర్ లైను అని మన్యం తమ్ముడు చెప్పేది ఇదే. అక్కడ అరటి వేస్తే ఇంకా మంచిది, పచ్చి అరటిని గడ్డి మంట అంత తేలిగ్గా దాటలేదు. ఎండిన ఆకులు మాత్రం కోసేయాలి, వదిలేస్తే అవే దారి చూపిస్తాయి.

ఏటిలంక:
బాబాయ్ గారూ, చాలా సంతోషమండి. ఇంకొక్కటి. మంట ఆరిన మూడో రోజు కొబ్బరి పొట్టు గుట్టలోంచి మళ్లీ పొగ వచ్చింది. పైన అంతా తడిగానే ఉంది.

రిటైర్డ్ ఫైర్:
అది పైన నీళ్లు పోస్తే ఆరేది కాదు నాయనా. పీచూ పొట్టూ లోపల్లోపల రాజుకుంటూ రోజుల తరబడి ఉంటాయి. పైపొర తడిసి గట్టిపడి నీళ్లని లోపలికి పోనివ్వదు. పారతో కొంచెం కొంచెంగా తవ్వి, పలచగా పరిచి, ఒక్కో పొరా తడుపుతూ తిరగేయాలి. చేతి వెనకవైపు దగ్గర పెట్టి వేడి తగలనిదాకా వదలొద్దు. గుట్ట మీదికి మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వకండి. లోపల కాలి డొల్లయి ఉంటుంది, కాలు దిగబడితే మోకాలిదాకా నిప్పుల్లోకే.

కొబ్బరితోట:
మంట సంగతి ఒప్పుకుంటానండి. కానీ మా మేనత్త వీధిలో ముగ్గురి మాట ఎవరూ తీయలేదు. అక్కడ ఒకాయన మాకు దగ్గరి బంధువు. పరిశోధన అంటే దూరంగా ఎక్కడో జరిగింది, ఇది మా కళ్లముందు జరిగింది.

అమలాపురం అక్క:
అన్నయ్యా, ఆ ముగ్గురి మాట దాటేయడం నాకూ ఇష్టం లేదు. ఒకే రకం క్యాన్సరా, వేరువేరా? టవరు వచ్చి ఎన్నాళ్లకి తేలింది? ఎందుకంటే గడ్డ కట్టే క్యాన్సర్లు చాలావరకు పుట్టడానికీ బయటపడడానికీ మధ్య ఏళ్లు పడుతుంది. టవరు వచ్చిన ఏడాదికే తేలిందంటే అది ముందు నుంచీ ఉన్నదే అయ్యుండాలి. మా వార్డుకి లంకల నుంచి వచ్చే నోటి క్యాన్సర్లలో చుట్ట, గుట్కా లేనివి అరుదు. మీ బంధువు గారి గురించి నాకు తెలియదు కాబట్టి ఆయన గురించి ఏమీ అనను. వీధిలో కేసులు ఎక్కువగా ఉన్నాయనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాసిచ్చి సర్వే అడగండి. నీళ్లు, మందుల పిచికారీ, పొగాకు, అన్నీ చూడమనండి. టవరు ఒక్కదాని మీదే పెడితే అసలు కారణం తప్పించుకుపోతుంది.

గల్ఫ్ కోనసీమ:
నేను కువైట్‌లో డ్రైవర్ని. మా అమ్మ అలాంటి లంకలోనే ఒంటరిగా ఉంటుంది. వారానికోసారి గట్టెక్కి నాతో మాట్లాడుతుంది. ఆవిడకి డెబ్భై దాటాయి. వర్షాకాలంలో గట్టు జారుడు. గోదారి పోటెత్తితే మూడో హెచ్చరిక ఎగరేశారో లేదో ఇక్కడ నాకు ముందు తెలుస్తుంది, అక్కడ మా అమ్మకి తెలియదు. టవరు వద్దని సంతకం పెట్టేముందు ఇలాంటి వాళ్లని కూడా ఒక్కమాట అడగండి. అంతే, ఇంకేం రాయలేను.

మన్యం బీటు:
కొబ్బరితోట అన్నా, ఆ 2బి మాట పట్టుకునే ఒకటి చెబుతాను. అదే క్యాన్సర్ సంస్థ 2022లో మంటలార్పే వృత్తిని ఒకటో వర్గంలో పెట్టింది. రుజువైపోయిన కారకం. పొగాకు పక్కన. నా కింద చేసే ఫైర్ వాచర్లు కొండరెడ్లు, కోయ కుర్రాళ్లు. సీజన్‌లో రోజుకూలి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని పొగలో దిగుతారు. తడి తువ్వాలు సన్న మసిని ఆపదు. ఎన్95 మాస్కు మసిని ఆపుతుంది, బొగ్గుపులుసు వాయువు కంటే ప్రమాదమైన కార్బన్ మోనాక్సైడ్‌ని అదీ ఆపదు. తలనొప్పి, వాంతి మొదలైతే మనిషిని గాలి వచ్చే వైపుకి లాగేయాలి. నైలాన్ చొక్కాలు వేసుకొస్తారు, అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్టలు, తోలు బూట్లు ఇప్పించండి అని ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాను. కార్చిచ్చు ఆరిందని పేపర్లో వస్తుంది. ఆర్పినవాడు రాత్రంతా దగ్గుతూ పడుకున్న సంగతి రాదు. మొన్న మీ లంకలో బిందెలు మోసిన కుర్రాళ్లు కూడా అదే పొగ పీల్చారు. రుజువు లేని హాని మీద ఊరు ఊరంతా కదిలినప్పుడు, రుజువైన హాని మీద కూడా కదలాలని నా కోరిక.

ఇంకోటి, మా కుర్రాళ్లు ఫోను చొక్కా జేబులో పెట్టుకుని రోజంతా సిగ్నల్ లేని చోట తిరుగుతారు. దాని సంగతి మేష్టారు చెప్పాలి.

ఫిజిక్స్ మేష్టారు:
మంచి ప్రశ్న తమ్ముడూ. టవరు దూరమైన కొద్దీ మాట అందించడానికి ఫోను తన బలం పెంచుకుంటుంది. దగ్గర్లో టవరు ఉంటే చాలా తక్కువ బలంతో సరిపెట్టుకుంటుంది. 2జి ఫోను గరిష్ఠంగా 2 వాట్ల దాకా పోతుంది, 4జి దాదాపు 0.2 వాటు. అంటే టవరు వద్దన్న ఊళ్లోనే చెవి దగ్గర ఫోను ఎక్కువ కష్టపడుతుంది. మనిషి ఒంట్లోకి చేరేదాంట్లో ఎక్కువ భాగం చెవికి ఆనించిన ఫోను నుంచే గానీ, ఎక్కడో ఉన్న టవరు నుంచి కాదు. సిగ్నల్ గీతలు ఒకటీ అరా ఉన్నప్పుడు స్పీకర్ పెట్టుకునో, ఇయర్‌ఫోన్ పెట్టుకునో మాట్లాడమనండి. ఫోను మీద *#07# కొడితే దాని ఎస్‌ఏఆర్ విలువ, అంటే ఫోను నుంచి మన ఒంట్లోకి ఇంకే శక్తి కొలత, కనబడుతుంది. మన దేశంలో కిలోకి 1.6 వాట్లు దాటకూడదు.

టవర్ల విషయంలో మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు చాలంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 4.5 వాట్లు అంతర్జాతీయం, అప్పుడు మనం పెట్టుకున్నది 0.45. తరంగ్ సంచార్ అని టెలికాం శాఖ వెబ్‌సైటు ఉంది. అందులో మీ ఊరి చుట్టుపక్కల టవర్లు చూసుకోవచ్చు. 4,000 రూపాయలు కడితే మీరు చెప్పిన చోటికే వచ్చి కొలుస్తారు. నా సలహా అయితే, బడి వరండాలో కొలిపించండి, పిల్లల ఎదుటే. అంకె ఎంతొచ్చిందో గోడ మీద రాయించండి.

కొబ్బరితోట:
పిచ్చుకల సంగతో?

ఫిజిక్స్ మేష్టారు:
టవర్లు రాని మీ లంకలో పిచ్చుకలు నిరుడంత ఉన్నాయా అండి? పెంకుటిళ్ల చూరు పోయి శ్లాబులొచ్చాయి, గూడు పెట్టుకునే సందు లేదు. పిల్లలకి మేపే పురుగుని మందు కొట్టి చంపేస్తున్నాం. వసారాలో వరికంకుల కుచ్చులు కట్టే అలవాటు మళ్లీ మొదలుపెట్టండి.

కొబ్బరితోట:
సరేనండి. నా మాట ఇది. కొలవకుండా ఒప్పుకోను. టవరు బడి పక్కన కాదు, ఊరి చివర పంచాయతీ చెరువు గట్టున పెట్టాలి. మేష్టారు ప్రమాదం లేదన్నా సరే, పిల్లల తల్లులకి మనశ్శాంతి కావాలి, అది కూడా లెక్కలోకి రావాలి. మొదలుపెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలిచి చూపించాలి. జనరేటర్ పొగా, రాత్రిళ్లు మోతా ఇళ్ల మీదికి రాకూడదు. ఇవి రాసిస్తే నా సంతకం వెనక్కి తీసుకుంటాను. మా మేనత్త వీధికి సర్వే కోసం అక్క చెప్పినట్టు అర్జీ నేనే పెడతాను.

అమలాపురం అక్క:
అర్జీ ఎలా రాయాలో నాకు మెసేజ్ పెట్టండి అన్నయ్యా, రాసి పంపుతాను.

ఏటిలంక:
సభ వచ్చే గురువారమండి. కొబ్బరితోట గారి షరతులు నాలుగూ కాగితం మీద పెట్టాను. బాబాయ్ గారు చెప్పిన పైపు చుట్టకి చందా మొదలైంది. ఇల్లు పోయిన ముసలమ్మకి తాటాకు పాక రెల్లుగట్టు వైపు కాకుండా తూర్పు వైపు కడుతున్నాం. రేవు పటం గీసుకుని రేపే స్టేషన్‌కి పోతున్నాం. బాబాయ్ గారూ, వీలైతే మీరూ రాగలరా? పడవ మేం పంపుతాం.

రిటైర్డ్ ఫైర్:
పొద్దున ఎనిమిదికి రేవులో ఉంటాను. తైవాన్ పంపు ఒకటి తెండి, నాజిల్ ఎలా తిప్పాలో కుర్రాళ్లకి చూపించాలి.